2.7 మైక్రాన్ కోర్‌షెల్ కాలమ్: పాత హెచ్‌పీఎల్‌సీకి బిగిస్తే ఏం వస్తుంది, ఏం రాదు

హెచ్‌పీఎల్‌సీ అంటే ద్రవాన్ని ప్రెషర్‌తో కణాలు కూరిన గొట్టం (కాలమ్) గుండా పంపి మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం. పైడిభీమవరం బెల్టులో ఏ బల్క్ డ్రగ్ యూనిట్ క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబ్ కాలమ్ డ్రాయర్ తెరిచినా ఎక్కువగా కనిపించేది 250 × 4.6 మి.మీ. (పొడవు × లోపలి వ్యాసం), 5 మైక్రాన్ కణాలున్న సి18 రకం. శ్రీకాకుళం, విజయనగరం ఫార్మసీ కాలేజీల్లో ఎం.ఫార్మసీ ప్రాజెక్టులదీ అదే దారి. ఆ కాలమ్‌లో తప్పేం లేదు. కానీ ఒక్కో ఇంజెక్షన్‌కు 40 నిమిషాలు పట్టే మెథడ్‌తో 30 ఇంజెక్షన్ల సీక్వెన్స్ పెడితే 20 గంటలు పోతాయి, 1.2 లీటర్ల మొబైల్ ఫేజ్ (కాలమ్‌లో పారే ద్రవం) వేస్ట్ క్యాన్‌లోకి వెళ్తుంది. ఇంకా ఎక్కువ ప్రెషర్‌తో వేగంగా పనిచేసే యూహెచ్‌పీఎల్‌సీ కొనండి అంటే మేనేజ్‌మెంట్ ముఖం తిప్పుకుంటుంది. అక్కడే కోర్‌షెల్ కాలమ్ అమ్మే రిప్రజెంటేటివ్ మనల్ని దొరకబుచ్చుకుంటాడు: "సార్, మీ పాత మెషీన్‌కే బిగించండి, రన్ టైమ్ ఐదో వంతుకి వస్తుంది." ఈ మాటలో నిజమెంత అన్నదే ఈ సమీక్ష. 100 × 4.6 మి.మీ., 2.7 మైక్రాన్ సి18ని, 400 బార్ పంపు ఉన్న మామూలు హెచ్‌పీఎల్‌సీని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఈ తరహాలో మార్కెట్లో దొరికేవి హేలో, పోరోషెల్ 120, కార్టెక్స్, 2.6 మైక్రాన్‌లో కైనెటెక్స్. తయారీలో తేడాలున్నా వాడకంలో ఎదురయ్యే సంగతులు దాదాపు ఒకటే.

ముందే చెప్పేస్తే: కాలమ్ బాగుంది, కొనదగ్గదే. కానీ మెషీన్‌లోని ట్యూబింగ్, డిటెక్టర్ సెల్ మార్చకుండా కాలమ్ ఒక్కటే కొంటే పెట్టిన డబ్బులో సగం ఆ గొట్టాల్లోనే పోతుంది.

ఈ కణం నిర్మాణం రేగుపండు లాంటిది. లోపల గట్టి సిలికా గింజ, పైన రంధ్రాలున్న సిలికా పొర. 2006లో హేలో పేరుతో వచ్చిన 2.7 మైక్రాన్ కణంలో గింజ వ్యాసం 1.7 మైక్రాన్లు, పొర మందం 0.5 మైక్రాన్. ఈ ఊహ మాత్రం పాతదే. 1969లోనే డ్యూపాంట్‌లో జాక్ కిర్క్‌లాండ్ జిప్యాక్స్ పేరుతో గట్టి గింజ మీద పల్చటి పొర ఉన్న కణాలు తెచ్చాడు. అవి ముప్పై మైక్రాన్ల పెద్ద కణాలు, శాంపిల్ కాస్త ఎక్కువైనా తట్టుకోలేకపోయేవి. దాంతో వెనకబడిపోయాయి. ఆ కిర్క్‌లాండే దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత హేలో వెనకా ఉన్నాడు.

క్యాటలాగులో "మాలిక్యూల్ లోపలికి వెళ్లే దూరం తక్కువ, అందుకే పీక్ సన్నం" అని రాసి ఉంటుంది (పీక్ అంటే గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరం). ప్రొటీన్ల లాంటి పెద్ద అణువుల విషయంలో అది నిజమే. మన ల్యాబుల్లో చేసే 300, 400 మాలిక్యులార్ వెయిట్ మందులకు అసలు లాభం వేరే చోట ఉంది. ఈ కణాలన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉండి కాలమ్‌లో ఒత్తుగా, సమంగా సర్దుకుంటాయి. దాంతో పీక్ ఎందుకు వెడల్పవుతుందో చెప్పే వాన్ డీమ్టర్ సమీకరణంలో 'A' టర్మ్ తగ్గుతుంది. గట్టి గింజలోకి ఏదీ వెళ్లలేదు కాబట్టి నిలువు వ్యాప్తి తగ్గి 'B' టర్మ్ కూడా తగ్గుతుంది. క్రొమాటోగ్రఫీ పరిశోధకులు గియోషాన్, గ్రిట్టి కొలతలు చేసి చూపించింది ఇదే. ఈ వివరం కొనేవాళ్లకు ఎందుకంటే, సర్దుబాటే ఈ కాలమ్ బలం కాబట్టి ఆ సర్దుబాటును చెడగొట్టే పని ఏది చేసినా బలం పోతుంది. కింద పడేయడం, ఉన్నట్టుండి ప్రెషర్ పెంచడం, ఉల్టా బిగించి ఫ్లో ఇవ్వడం లాంటివి.

ఇక లెక్కలు. పాత మెథడ్ 250 × 4.6, 5 మైక్రాన్, ఫ్లో నిమిషానికి 1.0 మి.లీ., రన్ టైమ్ 40 నిమిషాలు, ఇంజెక్షన్ 20 మైక్రోలీటర్లు, ప్రెషర్ 100 బార్ అనుకుందాం. కాలమ్ లోపలి వ్యాసం మారలేదు కాబట్టి ఫ్లోను కణాల సైజుల నిష్పత్తితో గుణిస్తే చాలు. 5ని 2.7తో భాగిస్తే 1.85 మి.లీ. పొడవు 0.4 వంతుకు తగ్గింది కనుక గ్రేడియెంట్‌లో (రన్ మధ్యలో సాల్వెంట్ నిష్పత్తి మారే మెథడ్‌లో) ప్రతి దశ కాలాన్ని 0.4తో గుణించి 1.85తో భాగించాలి. 40 నిమిషాలు 8.6 నిమిషాలవుతుంది. ఇంజెక్షన్ 8 మైక్రోలీటర్లు. ప్రెషర్ రెండున్నర రెట్లు పెరిగి 250 బార్ దగ్గర ఉంటుంది. 400 బార్ పంపుకు ఇది హాయిగా సరిపోయే లోడు. 30 ఇంజెక్షన్ల సీక్వెన్స్‌కు రన్ టైమ్ 4 గంటల 20 నిమిషాలు, ఆటోశాంప్లర్ సైకిల్ కలిపితే ఐదు గంటల లోపే. మొబైల్ ఫేజ్ 480 మి.లీ. జనరల్ షిఫ్టులో పెట్టింది జనరల్ షిఫ్టులోనే ముగిసిపోతుంది. రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ చేతులెత్తేసి, బఫర్ నిండిన పంపు ఆగిపోయి తెల్లారేసరికి సీల్స్ దగ్గర ఉప్పు కట్టడం లాంటి బాధ సగం తప్పుతుంది. తిత్లీ లాంటి తుఫాను వచ్చినప్పుడు సిక్కోలు వైపు కరెంటు ఎన్నాళ్లు ఉండదో తెలిసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఎసిటోనైట్రైల్ ఆదా కూడా చిన్నది కాదు. అది ఎవరూ పనిగట్టుకుని తయారుచేసే సరుకు కాదు, ఎక్రిలోనైట్రైల్ తయారీలో పక్క నుంచి వచ్చేది. 2008 చివర్లో ప్లాస్టిక్ గిరాకీ పడిపోగానే ప్రపంచమంతా ఎసిటోనైట్రైల్ కరువొచ్చింది ఈ కారణంగానే.

150 మి.మీ. పొడవుది ఎందుకు తీసుకోకూడదు అని అడుగుతారు. అదే లెక్కలో దాని ప్రెషర్ 380 బార్ వస్తుంది. ఎసిటోనైట్రైల్‌తోనే అంత వస్తే, నీళ్లు కలిపిన మెథనాల్ చిక్కగా ఉంటుంది కాబట్టి దాంతో పంపు ట్రిప్ అవుతుంది. ఫ్లో తగ్గించి వాడొచ్చు, క్లిష్టమైన ఇంప్యూరిటీ మెథడ్‌కు ఆ పొడవు అవసరం కూడా. రొటీన్ అస్సేకి (మందు ఎంత ఉందో కొలిచే పరీక్షకు) మాత్రం 100 మి.మీ. చాలు.

ఇప్పటిదాకా చెప్పింది కాగితం మీది లాభం. మెషీన్ దగ్గరకొస్తే అసలు కథ మొదలవుతుంది.

పాత 250 మి.మీ. కాలమ్‌లో మొబైల్ ఫేజ్ నిలిచే చోటు సుమారు 2.6 మి.లీ. ముందుగా వచ్చే పీక్ (రిటెన్షన్ ఫ్యాక్టర్, అంటే కాలమ్ ఎంత పట్టి ఆపుతుందన్న లెక్క, 1 అనుకోండి) 5.2 మి.లీ. దగ్గర బయటికొస్తుంది. ప్లేట్లు (పీకులు ఎంత సన్నగా వస్తాయో చెప్పే అంకె) 18,000 అయితే దాని వేరియెన్స్, అంటే వెడల్పు కొలత, 1,500 చదరపు మైక్రోలీటర్లు. ఇంజెక్టర్, ట్యూబింగ్, డిటెక్టర్ సెల్ కలిపి మెషీన్ తన వంతుగా ఇంకో 100 జోడిస్తుందనుకుంటే నష్టం ఆరు శాతం. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ దీన్ని పట్టించుకోలేదు. అదే 100 × 4.6 కోర్‌షెల్‌లో ఖాళీ చోటు సుమారు 0.85 మి.లీ., ప్లేట్లు 20,000. అదే పీక్ వేరియెన్స్ 145 దగ్గరే ఉంటుంది. దానికి మెషీన్ 100 కలిపితే 20,000 ప్లేట్లు పన్నెండు వేల దగ్గరకు పడిపోతాయి. "కొత్త కాలమ్ కూడా పాతదానిలాగే ఉందే" అని క్యూసీలో వినిపించే గొణుగుడుకు చాలాసార్లు కారణం ఇదే. కాలమ్ తప్పేం ఉండదు.

సాల్వెంట్ ఇంకా మిగులుతుందని 100 × 3.0 మి.మీ. కొంటే పరిస్థితి మరీ అన్యాయం. అందులో ఆ పీక్ వేరియెన్స్ 26 మాత్రమే. మెషీన్ 100 కలిపిందంటే ప్లేట్లలో ఐదో వంతు మిగులుతుంది. ట్యూబింగ్ అంతా మార్చి మెషీన్ వాటాను 20కి దించినా 3.0 మి.మీ.లో సగానికి కాస్త పైనే దక్కుతుంది, 4.6లో మాత్రం 88 శాతం నిలుస్తుంది. కాబట్టి పాత హెచ్‌పీఎల్‌సీ ఉన్నవాళ్లు 4.6 దాటి కిందికి వెళ్లొద్దు. 2.1 మి.మీ. అయితే డబ్బా కూడా తెరవొద్దు.

మార్చాల్సినవి మూడు చోట్ల ఉంటాయి. ఇంజెక్టర్ నుంచి కాలమ్‌కు, కాలమ్ నుంచి డిటెక్టర్‌కు వెళ్లే ట్యూబింగ్ లోపలి వ్యాసం 0.25 మి.మీ. ఉంటే ప్రతి 10 సెం.మీ.కు 4.9 మైక్రోలీటర్ల చోటు ఉంటుంది. 0.17 మి.మీ. అయితే 2.3, 0.12 మి.మీ. అయితే 1.1. PEEK అనే ప్లాస్టిక్ ట్యూబింగ్ రంగుల్లో నీలం అంటే 0.25, పసుపు 0.17 దగ్గర, ఎరుపు 0.12 దగ్గర. కాలమ్ ఓవెన్ లోపల అందంగా చుట్టచుట్టి పెట్టిన అర మీటరు నీలం గొట్టం కనిపిస్తే ముందు దాన్ని తీసేయాలి. ఎరుపుదే పెట్టి, పొడవు ఎంత వీలైతే అంత తగ్గించాలి. సన్నం చేస్తే మూసుకుపోతుందన్న భయం ఉంటే పసుపు పెట్టండి, నీలం కన్నా చాలా నయం. డిటెక్టర్ సెల్ 10 మి.మీ. కాంతి దారితో 10 నుంచి 13 మైక్రోలీటర్ల స్టాండర్డ్‌ది ఉంటే 5 మైక్రోలీటర్ల సెమీమైక్రో సెల్ తెప్పించుకోవాలి. ఖర్చు ఎక్కువ ఇక్కడే. బడ్జెట్ లేకపోతే ట్యూబింగ్‌తో మొదలుపెట్టి సెల్ తర్వాత చూసుకోవచ్చు.

మూడోది ఫిట్టింగ్. అందరూ చిన్నదనుకునేదీ, ఎక్కువ చెడగొట్టేదీ ఇదే. కాలమ్ చివర ట్యూబ్ దిగాల్సిన లోతు అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. కొన్నింటికి 2.3 మి.మీ., కొన్నింటికి 3.3 మి.మీ. స్టీల్ ఫెర్రూల్‌ను (ట్యూబ్‌ను పట్టి ఉంచే ఉంగరాన్ని) ఒకసారి బిగిస్తే అది ట్యూబ్ మీద అక్కడే పట్టేసి కదలదు. తక్కువ లోతు కాలమ్‌కు బిగించిన ట్యూబ్‌ను ఎక్కువ లోతు కాలమ్‌కు పెడితే లీక్ అవదు, ప్రెషర్‌లో తేడా రాదు, పైకి అంతా బాగానే ఉంటుంది. లోపల మాత్రం ట్యూబ్ కొసకూ కాలమ్‌కూ మధ్య ఒక మి.మీ. సందు మిగిలి, 2 మైక్రోలీటర్ల గుంటలా పనిచేస్తుంది. ఇంజెక్ట్ చేసిందే 8 మైక్రోలీటర్లయినప్పుడు ఈ గుంట ఎంత పెద్దదో చూడండి. గుర్తు పట్టేదెలా అంటే, టెయిలింగ్ (పీక్ వెనక తోక సాగడం) అన్ని పీకుల్లోనూ ఉంటుంది, ముందొచ్చే పీకుల్లో ఎక్కువ, వెనకొచ్చే వాటిలో తక్కువ. బేసిక్ డ్రగ్ ఒక్కదానికే టెయిలింగ్ వస్తే అది కెమిస్ట్రీ సంగతి, గొట్టం సంగతి కాదు. ఎదురు పొరపాటు, అంటే ఎక్కువ లోతుకు పట్టేసిన ఫెర్రూల్‌ను తక్కువ లోతు కాలమ్‌కు పెడితే లీక్ అవుతుంది. అది నయం, కనీసం కంటికి కనిపిస్తుంది. మందు ఏంటంటే కాలమ్ మార్చిన ప్రతిసారీ ట్యూబ్ కొసను కటర్‌తో నిటారుగా కత్తిరించి, ఫింగర్‌టైట్ ఫిట్టింగ్‌లో అడుగంటేదాకా నొక్కి పట్టుకుని బిగించడం. కత్తెరతో, బ్లేడుతో ఏటవాలుగా కోస్తే మళ్లీ అదే గుంట.

డిటెక్టర్ డేటా రేటు మార్చడానికి పైసా ఖర్చు లేదు, అయినా మర్చిపోతారు. 1.85 మి.లీ. ఫ్లోలో మొదటి పీక్ వెడల్పు రెండు సెకన్ల లోపే. పాత మెథడ్ నుంచి వచ్చిన 2.5 హెర్ట్జ్ సెట్టింగులో ఆ పీక్ మీద ఐదు పాయింట్లు పడటమే కష్టం. పీక్ కొస మొండిగా వస్తుంది, ఏరియా ఇంజెక్షన్‌కో రకంగా వస్తుంది, సిస్టమ్ సూటబిలిటీలో (రన్‌కు ముందు మెషీన్ పరీక్షలో) ఆర్‌ఎస్‌డీ, అంటే ఫలితాల మధ్య తేడా, ఫెయిల్. 10 లేదా 20 హెర్ట్జ్ పెట్టండి. 80 పెడితే బేస్‌లైన్ గజిబిజి పెరుగుతుంది తప్ప లాభం లేదు.

గ్రేడియెంట్ మెథడ్ అయితే ఇంకో చిక్కు. పంపులో సాల్వెంట్లు కలిసిన చోటు నుంచి కాలమ్ నెత్తి దాకా ఉన్న వాల్యూమ్ కొలవాలి. కాలమ్ తీసి యూనియన్ (రెండు ట్యూబులను కలిపే ముక్క) పెట్టండి. 'A' బాటిల్‌లో నీళ్లు, 'B' బాటిల్‌లో 0.1 శాతం ఎసిటోన్ కలిపిన నీళ్లు. పది నిమిషాల్లో 0 నుంచి 100 శాతం 'B', డిటెక్టర్ 265 నానోమీటర్లు. సిగ్నల్ సగం ఎత్తుకు చేరిన సమయంలోంచి 5 నిమిషాలు తీసేసి ఫ్లోతో గుణిస్తే ఆ వాల్యూమ్ వస్తుంది. నాలుగు సాల్వెంట్ల లో-ప్రెషర్ పంపుల్లో ఇది ఒక మి.లీ. అటూ ఇటూ ఉంటుంది. 40 నిమిషాల రన్‌లో ఒక నిమిషం ఆలస్యం కనిపించదు. 8.6 నిమిషాల రన్‌లో అర నిమిషం ఆలస్యమైనా ముందు పీకుల వరుసే మారిపోవచ్చు.

శాంపిల్ తయారీ సంగతి. చిన్న కాలమ్‌కు స్ట్రాంగ్ డైల్యూయెంట్ (శాంపిల్ కరిగించే ద్రవం) పడదు. శాంపిల్‌ను నూరు శాతం మెథనాల్‌లో కరిగించి పాత అలవాటు కొద్దీ 20 మైక్రోలీటర్లు కొడితే మొదటి పీక్ రెండుగా చీలుతుంది. 8కి తగ్గించండి, వీలైతే మొబైల్ ఫేజ్‌తోనే డైల్యూట్ చేయండి. ఇంజెక్షన్ తగ్గితే పీక్ ఎత్తు తగ్గుతుందేమో అని కంగారు వద్దు, తక్కువ వాల్యూమ్‌లో బయటికొస్తుంది కనుక ఎత్తు నిలబడుతుంది. మాన్యువల్ ఇంజెక్టర్ వాడే కాలేజీలు 20 మైక్రోలీటర్ల లూప్‌లో 8 నింపడం కన్నా 5 మైక్రోలీటర్ల లూప్ పెట్టుకుని నిండుగా కొట్టడం మేలు. సగం నింపిన లూప్‌లో ఏరియా సిరంజీ పట్టిన చెయ్యిని బట్టి మారుతుంది.

ఇంప్యూరిటీ మెథడ్లలో మాత్రం తొందరపడొద్దు. కణంలో పావు వంతు వాల్యూమ్ గట్టి గింజే అయిపోవడం వల్ల శాంపిల్ పట్టే చోటు పూర్తి పోరస్ కణం కన్నా తక్కువ. 2.6 మైక్రాన్ కణంలో గింజ 1.9 మైక్రాన్లు, అంటే అక్కడ ఆ వాటా నలభై శాతం దగ్గరికి పోతుంది. 0.05 శాతం ఇంప్యూరిటీ చూడాలని మెయిన్ డ్రగ్‌ను మి.లీ.కు ఒకటి రెండు మి.గ్రా. సాంద్రతలో ఇంజెక్ట్ చేసినప్పుడు, అదీ అమీన్ ఉన్న బేసిక్ మందయితే, పెద్ద పీక్ వెనక్కి సాగి పక్కనున్న చిన్న పీక్‌ను మింగేస్తుంది. శాంపిల్ సాంద్రతను సగం చేసి మళ్లీ కొట్టి చూడండి. టెయిలింగ్ తగ్గితే అది ఓవర్‌లోడ్. ఇంకో మాట, మామూలు సిలికా కోర్‌షెల్‌ను పీహెచ్ 8 దాటి వాడితే పొర కరుగుతుంది. అక్కడ వాడటానికే వేరే రకాలున్నాయి: పోరోషెల్‌లో హెచ్‌పీహెచ్, కైనెటెక్స్‌లో ఈవో. వాటి సెలెక్టివిటీ (పీకులను విడదీసే తీరు) వేరు, పేరులో సి18 ఉంది కదా అని ఒకదాని బదులు ఇంకోటి పెట్టకూడదు.

ఆడిట్ కోణంలో: 2022 డిసెంబర్ 1 నుంచి అమల్లోకొచ్చిన అమెరికా ఫార్మకోపియా (యూఎస్‌పీ) 621 చాప్టర్ ప్రకారం ఫార్మకోపియా మెథడ్లో పూర్తి పోరస్ నుంచి కోర్‌షెల్‌కు మారొచ్చు. గ్రేడియెంట్‌లోనూ మారొచ్చు. షరతేమిటంటే ప్లేట్ల సంఖ్య పాత కాలమ్‌తో పోలిస్తే 25 శాతానికి మించి తగ్గకూడదు, 50 శాతానికి మించి పెరగకూడదు. పొడవును కణం సైజుతో భాగించే లెక్క తీస్తే 250 బై 5 నుంచి 100 బై 2.7కి తేడా మైనస్ 26 శాతం వచ్చి గీత దాటుతుంది. ప్లేట్ల లెక్కలో అదే కాలమ్ సునాయాసంగా పాస్. అందుకే పాత కాలమ్ మీద, కొత్తదాని మీద అదే పీక్‌కు వచ్చిన ప్లేట్లను ఒకే రిపోర్టులో పెట్టుకోండి. ఐసోక్రాటిక్ (సాల్వెంట్ నిష్పత్తి మారని) మెథడ్‌కు లెక్కకొచ్చిన ఫ్లో మీద ఇంకా 50 శాతం అటూ ఇటూ స్వేచ్ఛ ఉంది. గ్రేడియెంట్‌కు ఆ వెసులుబాటు లేదు. కస్టమర్ ఫైలింగ్‌లో ఉన్న ఇన్‌హౌస్ మెథడ్‌కు ఇవేవీ వర్తించవు, దానికి చేంజ్ కంట్రోల్ తప్పదు. మొదట ఇన్‌ప్రాసెస్ శాంపిల్స్, క్లీనింగ్ స్వాబుల మీద వాడటం మొదలుపెడితే కాగితాల బరువు తక్కువ, టైమ్ లాభం ఎక్కువ.

మన్నిక విషయంలో ఈ కాలమ్‌కు మంచి మార్కులే. రెండు మైక్రాన్ల లోపు కణాల కాలమ్‌కు 0.2 నుంచి 0.5 మైక్రాన్ ఫ్రిట్ (కాలమ్ చివర కణాలను ఆపే జల్లెడ) కావాలి, చిన్న మురికికే మూసుకుపోతుంది. 2.7 మైక్రాన్ కాలమ్‌కు ఎక్కువ కంపెనీలు 2 మైక్రాన్ ఫ్రిట్ వాడతాయి, 5 మైక్రాన్ కాలమ్ అంత మొండిగా నిలబడుతుంది. అలాగని మొబైల్ ఫేజ్‌ను వడకట్టకుండా పోయొద్దు, ఫిల్టర్ 0.45 కాదు, 0.2 మైక్రాన్. సముద్రం పక్క తేమకూ వేడికీ ఫాస్ఫేట్ బఫర్‌లో నాచు తొందరగా పుడుతుంది, బాటిల్‌లో మిగిలిందని దాని మీదే కొత్తది నింపే అలవాటు మానాలి. బఫర్ ఉన్న కాలమ్‌లో ఎసిటోనైట్రైల్ 70 శాతం దాటే మెథడ్ అయితే ముందు ఒక టెస్ట్‌ట్యూబ్‌లో ఆ నిష్పత్తిలో కలిపి చూడండి. అక్కడ మసక వస్తే కాలమ్‌లో రాయి కడుతుంది. పని అయ్యాక బఫర్ లేని అదే నిష్పత్తి నీళ్లు-సాల్వెంట్‌తో 1 మి.లీ. ఫ్లోలో 15 నిమిషాలు, తర్వాత ఎసిటోనైట్రైల్‌తో ఇంకో పది నిమిషాలు కడిగితే చాలు, ఖాళీ చోటు ఒక మి.లీ. కూడా లేదు కనుక గంటల తరబడి కడగనక్కర్లేదు. కాలమ్ ఓవెన్ 30 డిగ్రీలు పెట్టి ఏసీ ఆగిన గదిలో నడిపితే మే నెలలో ఓవెన్ చల్లబరచలేదు, రిటెన్షన్ టైమ్ మధ్యాహ్నానికి జరిగిపోతుంది. మెథడ్ ఒప్పుకుంటే 40 పెట్టండి, ప్రెషర్ కూడా దిగుతుంది.

గార్డ్ కార్ట్రిడ్జ్ (కాలమ్ ముందు మురికిని ఆపే చిన్న కాలమ్) తీసుకునేటప్పుడు అదే బ్రాండ్, అదే ఫేజ్, అదే కణం సైజు చూసుకోవాలి. పాత 5 మైక్రాన్ గార్డ్‌ను దీని ముందు పెడితే ట్యూబింగ్ మార్చి సంపాదించినదంతా అక్కడే పోతుంది. గార్డ్‌కు డబ్బు లేకపోతే 0.5 మైక్రాన్ ఇన్‌లైన్ ఫిల్టర్ పెట్టుకోండి. సరుకు వైజాగ్ లేదా హైదరాబాద్ డీలర్ నుంచి వస్తుంది కాబట్టి ఆర్డరు కాగితం మీదే వేరే బ్యాచ్ సిలికా నుంచి రెండో కాలమ్ అడగండి. మెథడ్ ఒక బ్యాచ్ మీదే నిలబడుతోందా, రెండింటి మీదా నిలబడుతోందా అన్నది వాలిడేషన్ ముగియక ముందే తేలిపోతుంది.